వంద మీటర్ల పిల్లకు పదేళ్ల దారి

వరంగల్, హనుమకొండ, ములుగు, మహబూబాబాద్, జనగామ జిల్లాల్లో ఏ ప్రభుత్వ పాఠశాలకు వెళ్లి అడిగినా, బాగా ఉరికే ఆడపిల్లల పేర్లు ఒకటి రెండు పీఈటీ సారు తడుముకోకుండా చెప్తారు. ఆ పిల్లలు పదో తరగతి దాటాక ఏమయ్యారని అడిగితే మాత్రం జవాబు అంత తొందరగా రాదు. వేగం ఉన్న పిల్లను గుర్తించడం మన దగ్గర పెద్ద సమస్య కాదు. గుర్తించిన పిల్లను పదేళ్ల వయసు నుంచి ఇరవై దాటేదాకా పరుగులో నిలబెట్టడమే కష్టం. ఆ పని ఎలా చేయాలో తల్లిదండ్రులకూ వ్యాయామ ఉపాధ్యాయులకూ వివరించడం కోసం ఈ వ్యాసం రాస్తున్నాను.

ఉదాహరణగా జమైకానో అమెరికానో తీసుకోవడం అందరికీ అలవాటు. వసతులు తక్కువగా ఉన్న మన ఊళ్లకు పసిఫిక్ ద్వీపాల అమ్మాయిలు ఎక్కువ దగ్గర. తువాలు దేశం మొత్తం జనాభా సుమారు 11 వేలు. రాజధాని ఫునాఫుటిలో అథ్లెట్లు విమానాశ్రయపు రన్‌వే మీద, విమానాలు లేని వేళల్లో సాధన చేస్తారు. ఆ దేశం తొలిసారి పాల్గొన్న 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అసెనాటె మనోవా అనే అమ్మాయి 100 మీటర్లను 14.05 సెకన్లలో పరుగెత్తింది. నాలుగేళ్ల తర్వాత లండన్‌లో అదే దూరానికి ఆమెకు పట్టిన సమయం 13.48. మన రాష్ట్ర స్థాయి పోటీల్లో ఈ సమయాలకు పతకం రాకపోవచ్చు. అయినా నాలుగేళ్ల కృషి ఫలితం 0.57 సెకన్లని లెక్క తేలింది, ఎందుకంటే రెండుసార్లూ ఎలక్ట్రానిక్ గడియారం కింద, నియమబద్ధమైన పోటీలో ఆమె సమయం నమోదైంది. మన పల్లెల్లో వేగంగా ఉరికే పిల్లలెందరికో ఇలాంటి లెక్క ఒక్కటి కూడా ఉండదు.

రెండో ఉదాహరణ పపువా న్యూగినీకి చెందిన తోయా విసిల్. 1988లో పుట్టిన ఈ అమ్మాయి 2012 లండన్ ఒలింపిక్స్ 100 మీటర్ల ప్రాథమిక రౌండ్‌లో 11.60 సెకన్లతో తన హీట్ (ఒక్కో గుంపుగా పెట్టే తొలి పరుగు) గెలిచి తర్వాతి రౌండ్‌కు చేరింది. 2015లో సొంత గడ్డ మీద, పోర్ట్ మోర్స్‌బీలో జరిగిన పసిఫిక్ క్రీడల్లో 100, 200, 400 మీటర్లు మూడింటిలోనూ స్వర్ణం సాధించింది. మరుసటి ఏడాది రియోలోనూ పరుగెత్తింది. అప్పటికి ఆమె వయసు 28. మన దగ్గర ఆ వయసులో ఇంకా పరుగెత్తుతున్న ఆడపిల్లను వెతికి పట్టుకోవాల్సి వస్తుంది.

ఇక్కడ ఒక తేడాను స్పష్టంగా తెలుసుకోవాలి. అర్హత ప్రమాణాన్ని ఎవరూ అందుకోని చిన్న దేశాలకు ఒలింపిక్స్‌లో సార్వత్రిక ప్రాతినిధ్యం పేరుతో ప్రత్యేక ప్రవేశం ఇస్తారు. 100 మీటర్లలో అసలు హీట్ల కంటే ముందు జరిగే ప్రాథమిక రౌండ్ ప్రధానంగా అలా వచ్చినవారి కోసమే. అర్హత సాధించే అథ్లెట్లున్న భారతదేశానికి ఆ వెసులుబాటు వర్తించదు. ద్యుతీచంద్ 2021లో నెలకొల్పిన జాతీయ రికార్డు 11.17 సెకన్లు, మన అమ్మాయి చేరవలసిన శిఖరం ఆ ప్రాంతంలో ఉంది. ద్వీపపు అమ్మాయికి ఒలింపిక్స్ చాలా ముందే ఎదురవుతుంది, కింది మెట్లు మాత్రం ఆమెకు తక్కువ. మన పిల్లకు మండలం నుంచి జాతీయ స్థాయి దాకా మెట్లన్నీ ఉన్నాయి, పైన తలుపే ఇరుకు. కాబట్టి మన ప్రణాళిక అంతా ఆ మెట్లను వరుస తప్పకుండా ఎక్కించడం మీద, ఎక్కే తొందరలో పిల్లను మధ్యలో విరిచేయకుండా ఉండటం మీద ఆధారపడాలి.

పిల్లను గుర్తించేటప్పుడు

ఆగస్టు 15 పరుగు పందెంలో మొదటి స్థానం వచ్చిందన్న ఒక్క ఆధారంతో నిర్ణయానికి రాకూడదు. ఒకే తరగతిలో చదివే పిల్లల మధ్య పది పదకొండు నెలల వయసు తేడా ఉండవచ్చు, ఆ వయసులో అంత తేడా చాలు గెలుపోటములను మార్చడానికి. తెలంగాణ క్రీడా పాఠశాలలు హకీంపేటతో పాటు కరీంనగర్, ఆదిలాబాద్‌లలో కూడా ఉన్నాయి. నాలుగో తరగతి ప్రవేశానికి అక్కడ పెట్టే పరీక్షలను గమనిస్తే ఏం చూడాలో అర్థమవుతుంది: పరుగందుకున్న తర్వాత 30 మీటర్ల సమయం, నిలబడిన చోటి నుంచి ముందుకు దూకే దూరం, నిలువుగా ఎగిరే ఎత్తు, 10 మీటర్ల దూరాన్ని ఆరుసార్లు అటూ ఇటూ ఉరకడం, మెడిసిన్ బాల్ అనే బరువైన బంతిని విసరడం, 800 మీటర్ల పరుగు. మెడిసిన్ బాల్ తప్ప మిగతావన్నీ టేపు, సుద్దపొడి, చేతి గడియారం ఉంటే ఏ బడిలోనైనా పెట్టవచ్చు. స్ప్రింటర్ (తక్కువ దూరాన్ని పూర్తి వేగంతో ఉరికే పిల్ల) విషయంలో మొదటి రెండింటికీ ఎక్కువ విలువ ఇవ్వాలి. వాటిని ఆరు నెలలకొకసారి మళ్లీ పెట్టి, ఎవరి అంకెలు ఎదుగుతున్నాయో చూడాలి.

క్రీడా పాఠశాలలో సీటు రాకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి ఊరి బడి నుంచే వచ్చింది. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె వేగాన్ని గుర్తించారు, తర్వాత ద్రోణాచార్య అవార్డు గ్రహీత నాగపురి రమేశ్ శిక్షణలో హైదరాబాద్‌లో ఎదిగింది. 2024లో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో టీ20 విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో కాంస్యం తెచ్చింది. టీ20 మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగం. బాగా ఉరికే పిల్ల చదువులో, మాటలు అర్థం చేసుకోవడంలో తోటివారికంటే చాలా వెనుకబడి ఉంటే, ఆమెను మందలించకుండా నిపుణుల చేత పరీక్ష చేయించాలి. ఊరివాళ్లు ఏమనుకుంటారోనన్న బెరుకుతో ఈ పని వాయిదా వేసే కుటుంబాలు ఎక్కువ. ఆ వాయిదా వల్ల పిల్లకు అందవలసిన విద్యాసహాయమూ ఆగిపోతుంది, పోటీ విభాగమూ ఆగిపోతుంది.

నేల, బూట్లు

సింథటిక్ ట్రాక్ లేదన్న మాట మన దగ్గర అన్ని వైఫల్యాలకూ సమాధానంగా వినిపిస్తుంది. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది. 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు దానిమీదే జరిగాయి. అయితే ఏటూరునాగారం పిల్ల రోజూ హనుమకొండకు రాలేదు, రావలసిన అవసరమూ లేదు. పదిహేనేళ్ల లోపు పిల్లకు ఎర్రమట్టి చెలక కానీ, కురచ గడ్డి ఉన్న బడి మైదానం కానీ సింథటిక్ కంటే మేలు, పిక్కలకూ మడమలకూ దెబ్బ తక్కువ. నల్లరేగడి వానకాలంలో పనికిరాదు, ఎండాకాలంలో పగుళ్లిచ్చి చీలమండను మెలిపెడుతుంది. తారురోడ్డు మీద, సీసీ రోడ్డు మీద వేగపు పరుగు అసలు వద్దు. చెరువు కట్ట మట్టిది, చదునైనది అయితే నెమ్మది పరుగుకు బాగుంటుంది. మంచి నేల 80 మీటర్ల పొడవు దొరికితే చాలు. 60 మీటర్లు పరుగుకు, 20 ఆగడానికి. ఆ జాగాను టేపుతో కొలిచి, ప్రతి పది మీటర్లకు గుర్తు పాతి, రాళ్లూ గాజుపెంకులూ ఏరే పని పిల్లల చేత కాకుండా పెద్దవాళ్లే ముందు చేసి పెట్టాలి.

పద్నాలుగేళ్లు వచ్చాక, నెలకు ఒకటి రెండుసార్లు జిల్లా కేంద్రంలోని ట్రాక్ మీదికి తీసుకెళ్లి స్పైక్స్, అంటే అడుగున మేకులున్న బూట్లు, అలవాటు చేయాలి. సింథటిక్ మీద మేకు పొడవు 9 మిల్లీమీటర్లకు మించకూడదన్నది నియమం. బూటు ఒక సైజు పెద్దది కొని రెండేళ్లు నడిపిద్దామనుకోవడం ఇళ్లలో సహజమే గాని, స్పైక్స్ విషయంలో ఆ పొదుపు పనికిరాదు. లోపల పాదం జారితే వేగమూ పోతుంది, గోళ్లూ పోతాయి.

సాధన: తక్కువ పరుగు, ఎక్కువ విశ్రాంతి

మన బడుల్లో స్ప్రింటర్‌కు జరిగే పెద్ద అన్యాయం రౌండ్లు. పిల్ల వేగంగా ఉందనగానే మైదానం చుట్టూ పది రౌండ్లు కొట్టిస్తారు, ఆయాసపడితే బాగా కష్టపడిందని మెచ్చుకుంటారు. వేగం నాడీమండలానికి అలవాటయ్యే నైపుణ్యం. అలసిన శరీరం నెమ్మది పరుగునే నేర్చుకుంటుంది. పూర్తి వేగంతో ఉరికిన ప్రతి పది మీటర్లకు సుమారు ఒక నిమిషం విశ్రాంతి ఇవ్వాలని కోచ్‌లు పాటించే లెక్క. 30 మీటర్లు ఉరికితే మూడు నిమిషాలు, 60 ఉరికితే ఆరు. చూసేవాళ్లకు ఇది సోమరితనంగా కనిపిస్తుంది. కనిపించనివ్వండి.

పదకొండు నుంచి పదమూడేళ్ల మధ్య వారానికి మూడు రోజుల సాధన సరిపోతుంది. కబడ్డీ, ఖోఖో, తొక్కుడుబిళ్ల వంటి ఆటలు, తాడాట, కుప్పిగంతులు, 20 నుంచి 30 మీటర్ల పరుగులు ఒక పూటలో మొత్తం 200 మీటర్లు మించకుండా ఉండాలి. ఈ దశలో బ్లాకులు, అంటే పరుగు ఆరంభంలో పాదాలు ఆనించే పలకలు, అక్కర్లేదు. నిలబడి మొదలుపెట్టడం, ముందుకు ఒరిగి మొదలుపెట్టడం, ఒక చేయి నేలకానించి మొదలుపెట్టడం అన్న వరుసలో నేర్పాలి. పద్నాలుగు నుంచి పదహారు మధ్య వారానికి నాలుగు రోజులు: ఒక రోజు 10 నుంచి 30 మీటర్ల ఆరంభాలు, ఒక రోజు పరుగందుకుని 20 నుంచి 30 మీటర్ల గరిష్ఠ వేగం, ఒక రోజు 80 నుంచి 150 మీటర్ల పరుగులు రెండు మూడు, మరో రోజు కొండవాలు ఎక్కే పరుగు, గెంతులు, పొట్ట, నడుము, తొడ వెనుక కండరాలకు సొంత బరువుతో వ్యాయామాలు. ఉపాధ్యాయుడు దగ్గరుండి పద్ధతి నేర్పగలిగితే తేలికపాటి బరువులు ఈ వయసులోనే మొదలుపెట్టవచ్చు, లేకపోతే ఆగడమే మంచిది.

బ్లాకులు అమర్చేటప్పుడు కొలత పిల్ల పాదంతోనే తీసుకోవాలి. గీత నుంచి ముందు బ్లాకుకు సుమారు రెండు పాదాలు, వెనుక బ్లాకుకు మూడు పాదాలు అన్నది మొదటి అంచనా. అక్కడి నుంచి ఒక్కో అంగుళం జరుపుతూ, మొదటి 10 మీటర్లు ఎక్కడ తక్కువ సమయంలో వస్తున్నాయో చూసి స్థిరపరచాలి. తుపాకీ మోత విన్నాక 0.100 సెకను కంటే ముందే కదిలితే అది తప్పుడు ఆరంభం. 2010 నుంచి ఒక్క తప్పుడు ఆరంభానికే పోటీ నుంచి తొలగిస్తున్నారు. అందువల్ల చప్పట్లతో, ఈలతో, పలకల చప్పుడుతో, వాటి మధ్య వ్యవధిని మారుస్తూ సాధన చేయించాలి. ఊహించి లేచే అలవాటు ఊళ్లో గెలిపిస్తుంది, రాష్ట్ర పోటీలో ఇంటికి పంపుతుంది.

ఉత్తర తెలంగాణ ఎండల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడు దాటాక వేగపు సాధన పెట్టకూడదు. ఐదున్నరకు మొదలుపెట్టి ఏడు లోపు ముగించాలి. పత్తి తీసే రోజుల్లో పగలంతా చేనులో వంగి పనిచేసిన పిల్లను సాయంత్రం బ్లాకుల మీదికి ఎక్కించడం తొడ కండరం పట్టేయడానికి దగ్గరి దారి. ఆ వారాల్లో సాధన తగ్గించాలి, లేదంటే ఇంటివాళ్లతో మాట్లాడి పిల్లకు పని తగ్గించాలి. ‘‘పిల్ల పరుగుల వడ్డది, చేన్ల పనెవరు జెయ్యాలె సారూ’’ అని తండ్రి అడిగితే ఆ ప్రశ్నకు విసుక్కోవడం తగదు, అది ఆ ఇంటి లెక్క. పోటీల తేదీలు నెల ముందే చెప్పి, ఆ పది రోజులు మాత్రం అడిగి తీసుకుంటే ఎక్కువ కుటుంబాలు ఒప్పుకుంటాయి.

గడియారం, నోటుపుస్తకం

చేతి గడియారం ఎప్పుడూ పిల్లను పొగుడుతుంది. తుపాకీ మోతకు వేలు ఆలస్యంగా కదులుతుంది, ముగింపు గీత దగ్గర ముందే కదులుతుంది. అందుకే 100, 200 మీటర్ల చేతి సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చేటప్పుడు 0.24 సెకను కలుపుతారు, 400కు 0.14 కలుపుతారు. బడిలో 12.6 వచ్చిన పిల్లకు జిల్లా ట్రాక్ మీద 12.84 వస్తే ఆమె వెనకబడినట్టు కాదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఆ రోజే మనసు విరుగుతుంది. గాలి వెనుక నుంచి సెకనుకు 2.0 మీటర్లు మించి వీస్తే ఆ సమయం రికార్డుకు చెల్లదు. ఊళ్లో గాలిని కొలిచే పరికరం ఉండదు కనుక రెండు దిక్కులా ఉరికించి రెండూ రాసుకోవాలి. తేదీ, నేల, బూట్లు, గాలి, ఎన్ని గంటలు నిద్రపోయింది, నెలసరి ఏ రోజు అన్న వివరాలతో ఒక నోటుపుస్తకం పిల్ల చేతిరాతలోనే ఉండాలి. సారు బదిలీ అయినా పుస్తకం పిల్లతోనే ఉంటుంది.

తిండి, రక్తం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల మధ్య ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. పన్నెండేళ్లు దాటిన అమ్మాయికి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. సాధన చేస్తున్నా సమయం తగ్గకపోతే, పిల్లను తిట్టకముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించాలి. బడిలో వారానికొకటి ఇచ్చే ఐరన్ మాత్రను చాలామంది పిల్లలు కడుపులో తిప్పుతుందని పారేస్తారు. అన్నం తిన్నాక వేసుకోమని, టీతో కలిపి వేసుకోవద్దని చెప్పాలి. గుడ్లు, శనగలు, పల్లీలు, పెసర్లు, మునగాకు, జొన్నరొట్టె, పెరుగు మన ఇళ్లలో దొరికేవే. ఉదయం ఖాళీ కడుపుతో వేగపు సాధన చేయించకుండా ఒక అరటిపండో బెల్లం ముక్కతో పల్లీలో పెట్టాలి. నెలసరి మూడు నెలలు వరుసగా ఆగితే, అది తిండి సరిపోవడం లేదన్న సంకేతం కావచ్చు. అలాంటప్పుడు సాధన తగ్గించి డాక్టరుకు చూపించాలి. ఈ మాట మగ పీఈటీ అడగడం ఇబ్బంది అయితే ఒక టీచరమ్మకో ఆశా కార్యకర్తకో ఆ బాధ్యత అప్పగించాలి. ఎవరూ అడగకపోవడం మాత్రం కుదరదు.

జిమ్ముల్లో అమ్మే డబ్బాల పొడులూ, పేరు లేని ‘‘బలం మాత్రలూ’’ ముట్టుకోనివ్వకూడదు. వాటిలో నిషేధిత పదార్థం కలిసి ఉంటే తెలియక తీసుకున్నానన్న మాట అథ్లెట్‌ను పూర్తిగా కాపాడదు. కొన్ని జలుబు మాత్రలతో కూడా ఈ ప్రమాదం ఉంది కాబట్టి, పోటీల కాలంలో ఏ మందైనా జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ జాబితాతో సరిచూశాకే వేయాలి.

పోటీల మెట్లు

బడి దారిలో ఎస్‌జీఎఫ్‌ఐ (భారత పాఠశాల క్రీడల సమాఖ్య) పోటీలు 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాల్లో మండలం నుంచి జాతీయ స్థాయి దాకా ఉంటాయి. సంఘం దారిలో జిల్లా అథ్లెటిక్స్ సంఘం, రాష్ట్ర సంఘం, భారత అథ్లెటిక్స్ సమాఖ్య పోటీలు 14, 16, 18, 20 ఏళ్ల లోపు విభాగాల్లో జరుగుతాయి. రెండు దారుల్లోనూ నడవాలి. బడి దారి ఒక్కదాన్నే నమ్ముకున్న పిల్లకు చదువు ముగిసిన రోజే పరుగూ ముగుస్తుంది. సమాఖ్య పోటీలకు విశిష్ట గుర్తింపు సంఖ్య నమోదు తప్పనిసరి. సమాఖ్య నిర్వహించే జాతీయ అంతర్ జిల్లా జూనియర్ పోటీలు పల్లె పిల్లకు అన్నిటికంటే మంచి వేదిక. అక్కడ 14 ఏళ్ల లోపు వారికి 60 మీటర్ల పరుగుతో లాంగ్ జంప్ వంటివి కలిపి ట్రయథ్లాన్‌గా పెడతారు, అంటే ఆ వయసులో పిల్లను ఒకే పోటీకి కట్టేయవద్దని సమాఖ్యే చెబుతోంది.

బడి పోటీలు కొన్నిసార్లు దసరా, బతుకమ్మ రోజుల చుట్టూ పడతాయి. పండుగకు పిల్ల ఇంట్లో ఉండాలన్న కోరిక న్యాయమైనదే. ఏ పోటీ వదులుకోవచ్చో, ఏది వదలకూడదో జూన్‌లోనే ఇంటివాళ్లతో కూర్చుని రాసుకుంటే అక్టోబరులో కన్నీళ్లు ఉండవు.

ఏ దూరం ఎంచుకోవాలన్న నిర్ణయాన్ని పదహారు పదిహేడేళ్ల దాకా ఆపాలని నా అభిప్రాయం. విసిల్ ఒకే క్రీడల్లో మూడు దూరాలూ గెలిచిందంటే ఆమె శరీరాన్ని ఎవరూ తొందరపడి 100కే పరిమితం చేయలేదన్నమాట. మన పిల్లల్లో 100 మీటర్లలో రాష్ట్ర స్థాయి దాటలేని వారు కొందరు 400లో జాతీయ స్థాయికి వెళ్లగలరు. పైగా 4x400 రిలేకు నలుగురితో పాటు అదనపు రన్నర్లు కూడా కావాలి కాబట్టి, ఆ దూరంలో శిబిరాల అవకాశాలు ఎక్కువ. 400 అంటే పిల్లలు భయపడతారు, నిజంగానే అది ఒళ్లు విరిచే పరుగు. ఏడాదికి రెండు మూడుసార్లు పోటీలో రుచి చూపిస్తే చాలు, దానికోసం రోజూ చంపనక్కర్లేదు.

డబ్బు, కాగితాలు

ఖేలో ఇండియా పథకానికి ఎంపికైన అథ్లెట్‌కు శిక్షణ, వసతి ఖర్చులతో పాటు సొంత ఖర్చులకు నెలకు 10 వేల రూపాయలు ఇస్తారు. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉంది. రైల్వేలు, పోలీసు, సైనిక దళాలు వేరుగా క్రీడా నియామకాలు చేస్తాయి. ‘‘పరుగుతోని ఏమొస్తది’’ అని అవ్వ అడిగినప్పుడు పతకాల గురించి కాక ఈ వివరాలు చెప్పాలి. అదే సమయంలో ఉద్యోగం అందరికీ రాదన్న నిజాన్ని దాచకూడదు. చదువు ఆగిపోకుండా చూడటం పీఈటీ బాధ్యతలో సగం.

కోటా అర్హత ఉండీ ఉద్యోగం తప్పిపోయేది ఎక్కువగా కాగితాల దగ్గరే. జనన ధ్రువపత్రంలో ఒక తేదీ, ఆధార్‌లో మరొకటి ఉంటే వయసు విభాగం పోటీలో ఫిర్యాదు వస్తుంది, మణికట్టు ఎముక పరీక్షకు పంపుతారు. పిల్లను చిన్నగా చూపించడానికి తేదీ మార్పించే సలహాలు ఎవరిచ్చినా వినకూడదు. పట్టుబడితే నిషేధం పిల్ల మీదే పడుతుంది. ఇంటిపేరు ముందా వెనుకా, పేరులో ఇంగ్లిషు అక్షరాలు ఎన్ని అన్నవి జనన పత్రంలో, ఆధార్‌లో, బడి రిజిస్టరులో, సమాఖ్య నమోదులో ఒకే తీరుగా ఉండాలి. పదో తరగతి మెమోలో పేరు ముద్రించబడ్డాక దిద్దించడం చాలా తిరుగుడు పని. కాబట్టి ఎనిమిదో తరగతిలోనే మీసేవకు వెళ్లి సరిచేయించాలి. ప్రతి పోటీ సర్టిఫికెట్‌ను ఇచ్చిన రోజే స్కాన్ చేయించి, అసలుది ప్లాస్టిక్ కవరులో పెట్టి, దానిమీద నిర్వాహకుల సంతకం, ముద్ర, పాల్గొన్న జట్ల సంఖ్య ఉన్నాయో లేదో మైదానం వదలకముందే చూసుకోవాలి. లేకపోతే అక్కడే అడిగి రాయించుకోవాలి.